తడి వడ్ల పాతర

పాతరలోకి దిగే ముందు మా ఇంట్లో మూడు తగాదాలు జరిగాయి. రెండు నేను గెలిచాను, ఒకటి ఓడిపోయాను. ఓడిపోయిన దాని పుణ్యాన బతికున్నాను. ఊళ్లో ఈ సంగతి తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. ఎలాగూ చెప్పుకుంటారు కాబట్టి నేనే రాస్తే కనీసం అబద్ధాలు తగ్గుతాయి. అందరూ నన్ను అడిగేది "ఎట్ల బతికినవ్?" అని. నేను మా ఆయన్ని అడగవలసింది ఒకటి ఉండిపోయింది. అది అడగడానికి నాకు, ఇంత నోరున్నదానికి, ఐదు నెలలు పట్టింది.

మా ఊరికి మునగాల దగ్గర హైవే దిగి లోపలికి పోవాలి. ఇంట్లో ముగ్గురం. నేను, బావ, అత్తమ్మ. బావ అంటే మా ఆయనే, మాది మేనరికం. అత్తమ్మ మా నాన్నకు అక్క. నేను కోదాడలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా ఎనిమిదో తరగతి పిల్లల ముందు కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించి, అది ఆరిపోతుంటే "ఎందుకు ఆరిందిరా?" అని అడుగుతున్నాను. ఈ ముక్క గుర్తుపెట్టుకుని మిగతాది చదివితే నా తెలివి ఎంతటిదో మీకే అర్థమవుతుంది.

మా నడిమింట్లో బండ కింద ఒక పాతర ఉంది. ఇప్పటి పిల్లలకు తెలియదు. వెనకటికి జొన్నలు నిలువ చేసుకోవడానికి ఇంటి గచ్చు కింద తవ్విన గొయ్యి. మూతి మనిషి భుజాలు పట్టేంత, లోపల కడుపు మాత్రం విశాలం. నిలువున్నర లోతు. భూమిలో పాతిపెట్టిన పెద్ద కుండ అనుకోండి. జొన్నలు మానేసి వరిలోకి వచ్చాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దాని మీద మంచం వేసుకుని టీవీ చూసేవాళ్లం.

మొన్న యాసంగిలో మా వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర కుప్ప మీదుండగా వాన కొట్టింది. టార్పాలిన్లు చాలలేదు. అడుగున తడిసినవాటిని తిప్పి పంపారు. బావ ఆ నాలుగు బస్తాలూ తెచ్చి, అప్పటికి ముసురు పట్టి ఉండటంతో, పాతరలో కుమ్మరించి బండ మూసేశాడు. "ఎండ కాసినంక తీసి ఆరబోస్త" అన్నాడు. ఎండ కాసింది. మే నెల ఎండ, కాకులు కూడా నీడకు పోయే ఎండ. ఆయన తీయలేదు. నెలాఖరుకు మేస్త్రి వస్తానన్నాడు. పాతర పూడ్చి, ఇల్లంతా టైల్స్ వేయాలని మా ప్లాను. అప్పుడు అత్తమ్మకు గుర్తొచ్చింది, లోపల రెండు ఇత్తడి గుండిగలు ఉన్నాయని. ఆమె పెళ్లినాటివి. పూడ్చేలోపు తీయాలి. మేస్త్రి తెల్లారే వస్తాడు.

బండ జరపగానే పులిసిన కల్లు వాసన గుప్పుమంది. అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఓ పూట గిట్లనే ఉంచుండ్రి. మాపటికి దీపం దించి సూడుండ్రి. దీపం నిలిస్తే మనిషి నిలుస్తడు" అంది.

ఆమెకు దీపాల పిచ్చి. బోరు మోటరుకు దీపం, ట్రాక్టరుకు దీపం, కొత్త ఫ్రిజ్జు తెస్తే దాని ముందు కూడా దీపం. ఇరవై రెండేళ్లుగా ఆ దీపాల మీద మా ఇద్దరికీ తగాదా. నాకు ఇది కూడా అందులో ఒకటిగానే వినిపించింది.

"ఇగ గుంతకు గూడ దీపమేనా అత్తమ్మా? కొబ్బరికాయ మరిసినవ్."

"గుంతకు కాదే పోరి. దిగెటోళ్ల కోసం."

"దీపమే గదా కావాలె?" అని నా ఫోన్ టార్చి వేసి, బట్టలారేసే తాడుకు కట్టి, లోపలికి దించాను. అడుగు దాకా దించాను. వడ్లు కనిపించాయి, గుండిగల అంచులు మెరిశాయి. రెండు నిమిషాలు ఉంచి పైకి లాగాను. టార్చి వెలుగుతూనే ఉంది. "సూడు. ఆరిందా నీ దీపం?"

అత్తమ్మ ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది. ఆరని దీపంతో ఎలా వాదించాలో ఆమెకు తెలియలేదు. "ఆరలే" అని ఒప్పుకుంది.

మంట గాలి తిని బతుకుతుంది. ఫోన్ టార్చి బ్యాటరీ తిని బతుకుతుంది. దాన్ని చంద్రుడి మీద పెట్టినా వెలుగుతుంది. ఈ మాట నా క్లాసులో చివరి బెంచీలో నిద్రపోయేవాడిని లేపి అడిగినా చెబుతాడు. మొదటి తగాదా నేను అలా గెలిచాను.

రెండోది ఎవరు దిగాలని. బావ లుంగీ ఎగగట్టి "నేను దిగుత" అన్నాడు.

"తేలు కనబడితే మంచమెక్కి నిలబడతవ్, నువ్వు దిగుతవా? నీ పొట్ట మూతి కాడనే తట్టుకుంటది. అప్పుడు మేస్త్రిని పిలిచి నీ మీదనే టైల్స్ ఏపియ్యాలె."

బావ నవ్వేశాడు. నేను ఏమన్నా నవ్వేస్తాడు. అదొక జబ్బు. అలా రెండోదీ గెలిచాను.

మూడోది మోకు దగ్గర. బర్రెను కట్టేసే మోకు తెచ్చి నా నడుముకు కట్టుకోమంది అత్తమ్మ. నేను బర్రెనా అన్నాను. ఆమె పోయి పాతర మూతి మీద, రెండు కాళ్లూ లోపలికి వేలాడేసి కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. "కట్టుకుంటే దిగు. లేకుంటే నన్ను తొక్కుకుంట పో." ఆమెను లేపలేక కట్టుకున్నాను. ముడి ఆమే వేసింది, రెండు పేటలు. కొస బావ చేతికిచ్చింది.

నిచ్చెన మెట్లు తొమ్మిది. నాలుగో మెట్టుకు వాసన పోయింది. వాసన పోలేదు, నా ముక్కు అలవాటు పడింది. అడుగు మెట్టు దిగి వడ్ల మీద కాలు పెడితే గోరువెచ్చగా ఉన్నాయి. జ్వరం వచ్చిన పిల్లాడి ఒంటి మీద చేయి వేసినట్టు. గుండిగలు దూరంగా, గోడవారకు ఉన్నాయి. ఒక అడుగు వేశానో లేదో నడుము దగ్గర మోకు బిగిసింది. నిచ్చెనకు చిక్కుకుని గుంజుతోంది.

"బావా, మోకు ఇడువు! గుంజుతుంది!"

ఆయన విడిచేశాడు. కాస్త వదులు చేయమని నా ఉద్దేశం. ఆయన మొత్తం విడిచేశాడు. కొస వచ్చి నా నెత్తి మీద పడింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. బర్రె మోకు నెత్తిన పడితే నవ్వే మనిషిని కాను నేను, మూడు రోజులు సాధించే మనిషిని.

వంగి గుండిగ చెవి పట్టుకున్నాను. అంతే. బస్సు కోసం పరుగెత్తినట్టు ఆయాసం. ఛాతీ నిండా గాలి పీలుస్తున్నాను, నిండుతోంది కూడా, కానీ నిండినదాంతో పని జరగడం లేదు. ఖాళీ చెంచా నోట్లో పెట్టుకుని నమిలినట్టు. చెవుల్లో హోరు. పైకి చూస్తే పాతర మూతి రూపాయి బిళ్లంత అయింది. ఎక్కాలి అనుకున్నాను. కాలికి చెప్పాను. కాలు వినలేదు. మళ్లీ చెప్పాను. నా కాలు ఎవరిదో అయినట్టుంది. రెండు అడుగులు ఎలా వేశానో తెలియదు, మోకాళ్లు విరిగినట్టు కూలి, ఛాతీ నిచ్చెన కింది నుంచి మూడో మెట్టుకు ఆనుకుని ఉండిపోయాను. తల మెట్టు మీదికి ఉండటం నా అదృష్టం. చెడిన గాలి బరువు, అడుగునే ఎక్కువ ఉంటుంది. వడ్ల మీద బోర్లా పడి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

నోరు పనిచేయడం లేదు. కళ్లు మసక. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. బోర్లించిన గ్లాసు కింద ఉన్నాను, అద్దం అవతల మనుషులు మాట్లాడుకుంటున్నారు.

"ఏమైందే? పలుకుతలేవేంది?" బావ గొంతు. "అమ్మా, పడిపోయింది! పడిపోయిందే!"

వెలుతురు తగ్గింది. మూతిలో కాలు కనిపించింది. బావ కాలు. మడమ పగిలిన కాలు, పై మెట్టు మీద ఆనింది. దాని వెనక రెండో కాలు. నా జన్మలో ఏ దేవుడి పాదాన్నీ అంత ఆశగా చూడలేదు.

"దిగకురా! దిగకు! నీయవ్వ మీద ఒట్టు, దిగకు!" అత్తమ్మ అరుపు.

పెనుగులాట. నిచ్చెన అదిరింది. తర్వాత ఆ కాళ్లు ఒకదాని వెనక ఒకటి పైకి పోయాయి. వెలుతురు మళ్లీ వచ్చింది. ఖాళీ వెలుతురు.

అప్పుడు నాకు భయం వేయలేదు. భయపడేంత బుర్ర మిగల్లేదు. ఒక్కటే అనిపించింది. ఓహో, మూసేస్తున్నారు కాబోలు అని. తెల్లారి మేస్త్రి వస్తాడు కదా, టైల్స్ వేస్తాడు కదా అని చాలా మామూలుగా అనుకున్నాను.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు, మిగతాది విన్నది. అత్తమ్మ బిందెలకు బిందెలు నీళ్లు పైనుంచి విసిరి కొట్టించింది. పెరట్లో వేపమండలు విరిపించి, మోపు కట్టించి, తాడుతో పాతరలోకి దించి పైకీ కిందికీ ఆడించమంది. అరుపులు విని పరుగెత్తుకొచ్చిన పక్కింటి గొర్రెల కాపరి ఆ పని చేశాడు. లోపలి గాలి పైకి, పైగాలి లోపలికి. వేపాకు నా మొహం మీద టపటపా కొట్టుకోవడం గుర్తుంది. ఎవరో కొడుతున్నారు, తిరిగి తిట్టాలి అనుకున్నాను. తిట్టు గుర్తొచ్చిందంటే కొంత గాలి అందిందన్నమాట.

తర్వాత పాతాళగరిగె దించారు. బావిలో పడ్డ బొక్కెనలు తీసే కొక్కేల గుత్తి అది. నడుముకున్న మోకు కోసం చేపకు గాలం వేసినట్టు వేశారు. రెండుసార్లు తప్పింది. ఒకసారి నా భుజాన్ని చీరింది. మూడోసారి మోకు చిక్కింది. అత్తమ్మ వేసిన రెండు పేటల ముడి జారలేదు. బావ, కాపరి కలిసి లాగారు.

నడిమింట్లో గచ్చు మీద పడి కక్కుకున్నాను. తల పగిలిపోతోంది. నోరు తిరగగానే నేను అన్న మొదటి మాట, "భుజం చింపిన ఎదవ ఎవడు?"

కాపరి చెమట తుడుచుకుంటూ, "బాయిల పడ్డ గొర్రెను తీసినట్టే తీసినం అక్కా. గొర్రె అయితే ఇన్ని మాటలనకపోవు" అన్నాడు.

లోపల ఎంతసేపు ఉన్నానంటే పావుగంట అంటాడు బావ. అంతసేపు ఉంటే దక్కేదా, ఐదు నిమిషాలు అంటుంది అత్తమ్మ.

అంబులెన్సులో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. మూతికి మాస్కు, వేలికి క్లిప్పు. పోయేసరికే ఆక్సిజన్ అంకె మామూలుకొచ్చింది. ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "మీ ఊపిరితిత్తులు చాలా బాగున్నాయి మేడమ్" అంది.

"బాగుంటే ఎట్ల పడిపోయిన?"

"బాగున్నాయి కాబట్టే పడిపోయారు."

నాతో అలా మాట్లాడేవాళ్లు తక్కువ. లేచి కూర్చున్నాను. ఆ పిల్ల కూడా స్టూలు లాక్కుని కూర్చుంది. "ఊపిరితిత్తులకు రుచి తెలియదు. ఏ గాలి పీలిస్తే దాన్నే రక్తానికి చూపిస్తాయి. ఆ గాలిలో ఆక్సిజన్ మరీ తగ్గిపోతే రక్తంలో మిగిలి ఉన్నది కూడా బయటికి పోతుంది. ఎక్కువ ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికే కదా పోయేది. వ్యాపనం. మీరే చెబుతారంట కదా పిల్లలకు?"

"అంటే, పీల్చిన కొద్దీ..."

"ఖాళీ అవుతారు. ఊపిరితిత్తులు ఎంత బాగుంటే అంత తొందరగా."

"మరి అంత ఆయాసమెందుకు వచ్చింది?"

"అది వడ్లు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల. శరీరం గోలపెట్టేది దానికే. ఆక్సిజన్ ఒక్కటే తగ్గితే పెద్దగా గోల ఉండదు. నవ్వుకుంటూ పడిపోతారు."

నేను నవ్విన సంగతి ఆమెకు చెప్పలేదు.

రెండు రోజులు ఉండాలంది. ఊపిరితిత్తులు బాగున్నాయన్నావు కదా, మరి ఎందుకు ఉంచుతున్నావని మళ్లీ తగులుకున్నాను. ఆ పిల్ల విసుక్కోలేదు. వాళ్లది మిర్యాలగూడ దగ్గర, సాగర్ కాలవ కింద వ్యవసాయమట. "ఊపిరితిత్తిలో ఒక మూలకు గాలి అందకపోతే ఆ మూలకు పోయే రక్తనాళాలు బిగుసుకుంటాయి. అక్కడికి పోయి లాభం లేదు, గాలి ఉన్న వైపు పొమ్మని. పైరు పోయిన మడికి మడవ కట్టేసి పక్క మడికి నీళ్లు తిప్పుతారు చూడండి, అట్లా. తెలివైన పనే. కానీ పీల్చే గాలే చెడ్డదైతే? అన్ని మడవలూ ఒకేసారి కట్టేసినట్టు. నీళ్లు ఎటు పోవాలి? కాలవ మీద ఒత్తిడి పెరుగుతుంది. గంటలూ రోజులూ అలాగే ఉంటే కట్ట ఊరుతుంది. పెద్ద కొండల మీదికి ఒక్కసారిగా పోయినవాళ్లలో కొందరికి, ఎంత గట్టివాళ్లైనా, ఊపిరితిత్తుల్లో నీరు చేరేది ఇట్లాగే. మీరున్నది కొద్దిసేపే. నాళాలు ఈపాటికి వదులై ఉంటాయి. అయినా చూసి పంపిస్తా."

పోతూ పోతూ బావను చూసి, "మీరు దిగకపోవడమే మంచిదైంది సార్. దిగి ఉంటే ఇద్దరూ దక్కేవారు కాదు. ఆ పెద్దమ్మకు దండం పెట్టుకోండి" అంది.

బావ నా మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లాక కూడా సెలైను బాటిల్ వంక చూస్తూ ఉన్నాడు. చుక్కలు లెక్కపెడుతున్నట్టు. నన్ను చూడలేదు.

ఊపిరితిత్తులు వారంలో మరిచిపోయాయి. నేను మరిచిపోలేదు. స్నానాల గది తలుపు వేసుకోలేను. దుప్పటి మొహం మీదికి వస్తే ఉలిక్కిపడతాను. గాలి మార్పు అని మిర్యాలగూడలో మా అక్క ఇంటికి పోయాను. గాలి మార్పుకు మిర్యాలగూడ పోయిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. ఊరి చుట్టూ ఉప్పుడు బియ్యం మిల్లులు. పొద్దస్తమానం నానబెట్టిన వడ్ల ఆవిరి వాసన. ఆ ఊళ్లో పుట్టి పెరిగాను, పాతికేళ్లు ఆ వాసన ఉందనే తెలియలేదు. ఇప్పుడు కిటికీ తీస్తే పాతర, మూస్తే పాతర. మా అక్క నవ్వించాలని చూసింది. "నువ్వు లోపల నోరు మూసుకొని ఉంటే ఉన్న గాలి సరిపోవునే." పది రోజులుండాలని పోయి మూడో రోజుకే వచ్చేశాను.

ఇంటికొస్తే ఇంకో గొడవ. నేను దవాఖానలో ఉండగానే అత్తమ్మ ఊళ్లోవాళ్లందరి ముందూ పాతరలోకి దీపం దింపించిందట. మూరెడు లోతుకే ఆరిపోయిందట. ఇక చూడండి. ఆడవాళ్లు వరసపెట్టి పరామర్శకు రావడం, ఆమె చేతులు పట్టుకోవడం, నా వైపు తిరిగి "అత్త కాదమ్మా, నీ పాలిటి తల్లి" అనడం. పోనీ అత్తమ్మ ఒక్కసారైనా దెప్పితే నేనూ ఒకటి తగిలించేదాన్ని. దెప్పలేదు. "చెప్తే ఇన్నవా?" అని ఒక్కమాట అనలేదు. నేను కూరలో ఉప్పెక్కువైందని అరిస్తే నీళ్లు పోసుకుని తినేది. ఇరవై రెండేళ్లుగా నేను ఊపిరి పీల్చుకున్నదే ఆ తగాదాల్లో. అది కూడా లేకుండా చేసింది మహాతల్లి.

ఒకరోజు అత్తమ్మ అలసందకాయలు వలుస్తుంటే పక్కన కూర్చున్నాను. "గరిగెకు మోకు చిక్కకపోతే ఏం చేస్తుంటివి అత్తమ్మా?"

"ఇంకోసారి ఏపిస్తుంటి."

"అప్పుడు గూడ చిక్కకపోతే?"

"ఇంకోసారి."

"బావను దిగనిస్తుంటివా?"

ఆమె గింజలు వలవడం ఆపలేదు. "దిగనియ్య."

"నేను సచ్చినా?"

"నా తమ్ముని బిడ్డవు. నీకోసం అన్నం మానేసి ఏడుద్దును. వాణ్ని మాత్రం దిగనియ్య." తన చిన్నప్పుడు పక్కింట్లో జొన్నపాతర తీసిన సంగతి చెప్పింది. అన్న దిగి పడిపోయాడు. అన్న కోసం తమ్ముడు దిగాడు. తమ్ముడి కోసం పాలేరు దిగాడు. "ముగ్గురిని ఒక్క పూటలనే తీసుకపోయిన్రు. ముగ్గురి పెండ్లాలను నేను సూసిన" అంది.

ఆ జవాబు నాకు నచ్చింది. నిజంగానే చెబుతున్నాను. తీపి పూయని మాట. ఆ రోజు నుంచి ఆమెతో మళ్లీ మామూలుగా పోట్లాడగలిగాను. కానీ నా ప్రశ్న ఆమెది కాదు. ఆమె ఎందుకు పట్టుకుందో నాకు తెలుసు. ఆయన ఎందుకు ఆగాడు?

ఆ ప్రశ్న పెట్టుకుని ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఐదు నెలలు. ఎదురుగా అన్నం తింటున్నప్పుడు ఆయన చేతులు చూసేదాన్ని. యాభై కిలోల బస్తాను ఒంటిచేత్తో భుజానికెత్తుకునే చేతులు. అత్తమ్మ పాలక్యాను లేపలేదు. ఆయన నాతో బాగానే ఉన్నాడు, బాగా ఉండటం ఎక్కువే అయింది. అడగకముందే చాయ్ పెట్టేవాడు. నేనన్నదానికి నవ్వడం మాత్రం మానేశాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకోకుండా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగేవాళ్లం. అన్ని మడవలూ కట్టేసి ఉన్నాయి.

బళ్లో అయితే సరేసరి. మా కోదాడ హెడ్మిస్ట్రెస్సు, "ఏంటండీ టీచరు గారూ, ఈ మధ్య మెత్తబడ్డారు, పిల్లలు కంగారు పడుతున్నారండీ" అంది. కొవ్వొత్తి పాఠం వచ్చినప్పుడు మాత్రం గ్లాసు బోర్లించలేక, పక్క సెక్షన్ మాస్టారుని చెప్పమన్నాను.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం కోదాడలో బస్సెక్కాను. పెద్దవాన. షట్టర్లన్నీ వేసేశారు. బస్సు కిక్కిరిసి ఉంది, తడి బట్టల ఆవిరి. ఊరు దాటేసరికి నా ఛాతీ పట్టేసింది. నా పక్క షట్టరు ఎత్తాను. వాన జల్లు కొట్టింది.

"అమ్మా, షట్టరెయ్యండి, అందరూ తడుస్తున్నారు" అన్నాడు కండక్టరు.

"వానకు ఎవ్వరు సావరు. గాలి లేకుంటే సస్తరు."

"ఆమెకు గాలి కావాల్నంట, టాపు మీద కూసోబెట్టుండ్రి" అన్నాడు వెనక ఎవడో. అంతా నవ్వారు. మామూలుగా అయితే వాడి ఏడు తరాలూ గుర్తుచేసేదాన్ని. ఆ రోజు మొహం కిటికీ బయట పెట్టుకున్నాను. మునగాల ఇంకా దూరముండగానే ఆపించుకుని హైవే పక్క దాబా ముందు దిగిపోయి, బావకు ఫోన్ చేశాను.

మోటార్‌సైకిల్ మీద తడిసి ముద్దయి వచ్చాడు. రేకుల కింద కూర్చున్నాం. చాయ్ చెప్పాడు. ఏమైందని అడగలేదు. ఆ అడగకపోవడం చూసి నాకు తెగింపు వచ్చింది.

"గా దినం నీ కాలు కనబడ్డది బావా."

ఆయన తడి అంగి కొస పిండుకుంటున్నాడు.

"పై మెట్టు మీద పెట్టినవ్. మల్ల తీసినవ్."

"అమ్మ అంగి పట్టుకున్నది."

"అత్తమ్మ బలమెంత, నీ బలమెంత?"

వాన రేకుల మీద ఎంత మోత పెడుతోందంటే ఆయన చెప్పింది వినడానికి నేను వంగాల్సి వచ్చింది.

"ఆమె పట్టుకున్నది నిజం. నేను గుంజుకోలె, అది గూడ నిజం." అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "కాలు పెట్టంగనే వాసన కొట్టింది. కండ్లు తిరిగినయ్. మస్తు భయమైంది. అమ్మ పట్టుకునేసరికి పాణం లేచొచ్చినట్టయింది."

"డాక్టరమ్మ చెప్పింది గదా. దిగితే ఇద్దరం పోవుడే."

"అది నాకు అప్పుడు తెల్వదు. తెలిసి ఆగలే నేను. భయపడి ఆగిన. తెలిసింది అమ్మకు."

ఇది వినాలనే కదా ఐదు నెలలు ఎదురుచూశాను. దీని మీద ఏమేమి అనాలో ఎన్ని రాత్రులు కూర్చుకున్నాను! ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన ఆగడం సరైన పని. ఆగడం వల్లే నేను బతికాను. పుస్తకం, డాక్టరమ్మ, అత్తమ్మ, చచ్చిపోయిన ఆ ముగ్గురూ అందరూ ఆయన వైపే. ఆయన ఒక్కడే తన వైపు లేడు. నేను కూడా ఆయన వైపు లేను. ఎంత లెక్కగా ఆలోచించినా లోపల ఒక మూల మాత్రం, దిగి ఉండాల్సింది అంటూనే ఉంది. దిగి, చచ్చి ఉండాల్సింది అని. ఇంత నీచంగా ఆలోచించే మనిషిని అని నాకు తెలియదు.

"మోకు ఇడువుమన్నది నేనే" అన్నాను చివరికి.

"నువ్వంటే ఇడిచిన. నీ మాట ఎన్నడు కాదన్న?"

"గా ఒక్కసారి కాదనాల్సుండె."

"ఇప్పటి సంది కాదంట నేను."

గాలి ఎక్కువైంది. జల్లు లోపలికి కొడుతోందని దాబావాడు వచ్చి చుట్టూ కట్టిన ప్లాస్టిక్ పట్టాలు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాడు. మూడు వైపులా దించాడు. నాలుగోది దించుతుంటే నేను లేచి బయటికి పోయి వానలో నిలబడ్డాను. లారీలు నీళ్లు చిమ్ముతూ పోతున్నాయి. నోరు తెరిచి గాలి పీల్చుకున్నాను. నోట్లోకి వాన కూడా వచ్చింది.

కాసేపటికి పట్టా కింద నుంచి దూరి బావ వచ్చాడు. రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు. నా పక్కన నిలబడ్డాడు.

"నువ్వెందుకు వచ్చినవ్? దగ్గు పట్టుకుంటది."

"రానియ్."

"పిచ్చోడివా? లోపలికి పో."

"పోను" అన్నాడు. నా మాట కాదనడం అదే మొదలు. "తాగు, సల్లారుతది."

తాగాను. సగం వాన నీళ్లే.